గేటు దగ్గర చెప్పిన కల

ఆమెను డ్రైవర్లు అక్క అంటారు, డ్రైవర్ల భార్యలు వదిన అంటారు, లోడింగువాళ్ళు గేటక్క అంటారు. మేనేజరు మనసు బాగుంటే అమ్మా అంటాడు, బాగోకపోతే మేడమ్ అంటాడు. పదకొండేళ్ళుగా ఇవే పిలుపులు విని విని, ఎప్పుడైనా ఇంటికొచ్చిన ఉత్తరం మీద సొంత పేరు కనబడితే, పక్కింటివాళ్ళదేమో అనుకుని కాసేపు పక్కన పెట్టేస్తుంది.

గేటంటే చక్రాల మీద జరిగే పొడవాటి ఇనుప గేటు. దాని వెనక రేకుల కప్పు వేసిన షెడ్డు. అందులో పద్నాలుగు తెల్ల వ్యాన్లు ముక్కులు బయటికి పెట్టి వరసగా నిలబడి ఉంటాయి. పొద్దున ఆరింటికి ఆమె తన గది తాళం తీసేసరికి మంచు ఇంకా విడిచి ఉండదు. రేకుల అంచు నుంచి నీళ్ళు ఒక్కో చుక్కగా రాలుతుంటాయి. ఆ తెల్లటి మసకలో తెల్లటి బండ్లు కనబడవు. వాటి లైట్లు మాత్రం ఏ ఆధారమూ లేకుండా గాలిలో వేలాడుతున్నట్టుంటాయి. రోజు మొత్తంలో ఆమెకు ఆ అరగంటంటేనే ఇష్టం. అప్పుడు ఎవరూ గట్టిగా మాట్లాడరు. అందరి గొంతుల్లోనూ ఇంకా కాస్త నిద్ర మిగిలి ఉంటుంది.

ఆమె గదికి ఒక కిటికీ. కిటికీ పక్కన చెక్కపలక, దాని మీద పద్నాలుగు మేకులు, మేకులకు పద్నాలుగు తాళంచెవులు. సొరుగు నిండా నీలం రంగు ప్లాస్టిక్ సీళ్ళు. సీలంటే జానెడు పట్టీ, దాని మీద ఒక నంబరు. తలుపు గడియలో దూర్చి బిగించాక కోస్తే తప్ప ఊడదు. సరుకు ఎక్కాక ఆమె ప్రతి బండి చుట్టూ ఒకసారి తిరుగుతుంది. టైరును కాలితో తన్ని చూస్తుంది. పెట్టెలకు కట్టిన బెల్టుల్ని గుంజి చూస్తుంది. తలుపులు మూయించి సీలు బిగిస్తుంది. అది టిక్కుమన్నాక నంబరు పైకి చదువుతుంది, డ్రైవరు దాన్ని తిరిగి చెప్పాలి.

ప్రతి బండిలో డ్రైవరు సీటు కింద ఒక గుడ్డసంచి ఉంటుంది. ఫోను అందులో వేసి గుండీ పెట్టుకోవాలి, బండి ఆగేదాకా తీయకూడదు. ఆ సంచులు ఆమే కుట్టింది, ఇంట్లో పాత కర్టెన్లు చించి. వాటి మీద గులాబీ పువ్వులున్నాయని మొదట్లో డ్రైవర్లు మొహాలు ముడుచుకున్నారు.

"మీసాలకీ పువ్వులకీ పడదా ఏంటి?" అంది. అంతటితో ఆ గొడవ తీరిపోయింది.

బండి సంగతి అయ్యాక మనిషి సంగతి. అసలు పని అక్కడుంది.

నిద్రపోయావా అని అడిగితే నిద్రపోయినవాడూ ఆఁ అంటాడు, నిద్రపోనివాడూ ఆఁ అంటాడు. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఒకతను అలా ఆఁ అని తాళంచెవి తీసుకుని, బండెక్కి, అంత పెద్ద గేటు బార్లా తెరిచి ఉండగా, పక్కనున్న గోడను నిమ్మళంగా వెళ్ళి గుద్దాడు. కిందికి దిగి గోడకు సారీ చెప్పాడు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుంటే మాత్రం, గోడ ఉన్న చోట ఒక మనిషి ఉండి ఉంటే అన్న ఊహ తగిలింది. మర్నాటి నుంచి ప్రశ్న మార్చేసింది.

"ఏం కల వచ్చింది?"

డ్రైవర్లు ముందు తికమకపడ్డారు, తర్వాత నవ్వుకున్నారు, ఆ తర్వాత అలవాటు పడ్డారు. ఇప్పుడు చెప్పకుండా వెళ్ళమంటే వాళ్ళకే తోచదు. ఒకతనికి స్టీరింగు లేని బండి వస్తుంది, రోడ్డే వంకర్లు తిరుగుతూ బండిని తీసుకుపోతుంది. ఒకతను కలలో తన వ్యానును పెళ్ళి చేసుకున్నాడు, పిల్ల మరీ పొడుగు అని చుట్టాలు అలిగి వెళ్ళిపోయారు. అందరికన్నా పెద్ద డ్రైవరును మామ అంటారు. మామకు ముప్పై ఏళ్ళుగా ఒకటే కల. చెప్పుల జతలో ఒకటి కనబడదు.

"దొరికిందా మామా?"

"ఎక్కడమ్మాయ్! ఇవాళ వంతెన కింద కూడా వెతికా."

వినగా వినగా ఆమెకు కొన్ని సంగతులు తెలిశాయి. నిద్రపోయి లేచినవాడు కలను మధ్యలోంచి మొదలుపెడతాడు, ముందుది గుర్తు రాక తల గోక్కుంటాడు. చెంప మీద దిండు గీత ఉంటుంది. గీత ఉంటే, కల రాలేదక్కా అన్నా ఆమె ఒప్పుకుంటుంది. చెవి జవాబును వినాలి, కన్ను మొహాన్ని చూడాలి, రెండూ ఔనంటేనే తాళంచెవి మేకు మీంచి దిగుతుంది. దిగకపోతే ఆ రోజు బండి వేరేవాళ్ళు తోలతారు. ఎంత బతిమాలినా అంతే.

ఇందులో ఒక చిత్రముంది. ఆమెకు మాత్రం కలలు రావు. పడుకుంటే రాయి, లేస్తే మనిషి. ఒక దర్జీ కొట్టు పైనున్న రెండు గదుల్లో ఆమె, ఆమె భర్త ఉంటారు. ఆయన పుస్తకాల బైండింగు పని చేస్తాడు, ఎప్పుడూ జిగురు వాసన వేస్తుంటాడు. సాయంత్రం కింద కుట్టుమిషన్ టకటకలాడుతుంటే, పైన ఇద్దరూ కంచాల ముందు కూర్చుంటారు.

"ఇవాళ సరుకేంటి?" అంటాడాయన.

ఆమె చెబుతుంది. పేర్లు చెప్పదు, కలలే చెబుతుంది. ఎవరిదో ఒకరిది ఏనుగంత తాళంచెవి, ఎవరిదో ఒకరిది మెట్లెక్కే నది. ఆయన అన్నం కలపడం ఆపేసి వింటాడు. చెబుతున్నంతసేపూ అవి తనవే అయినట్టు ఆమెకు ఒళ్ళు తేలికవుతుంది. ఒక్కోసారి పొద్దునే గేటు వైపు నడుస్తూ, ఇవాళ మంచిదొకటి దొరికితే బాగుండు అనుకునేది. అది తన బలహీనత అని ఆమెకు తెలీదు. అప్పటిదాకా దాని వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

డ్రైవర్లలో ఒకడు పిట్ట. సన్నగా ఉంటాడు, ఎప్పుడూ ఈల వేస్తుంటాడు, అందుకని ఆ పేరు పెట్టారు. కొండ మీదికి వెళ్ళే పదో నంబరు బండి కోసం మూడేళ్ళు ఎదురుచూసి, నాలుగు నెలల కింద దక్కించుకున్నాడు. మంచులోంచి పైకి ఎక్కుతుంటే ఒక మలుపు దగ్గర ఉన్నట్టుండి ఎండ వస్తుందట, కింద ప్రపంచమంతా పాలగిన్నెలా కనబడుతుందట. అది చెప్పేటప్పుడు వాడి చేతులు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే ఉంటాయి.

పదకొండు రోజుల కింద పిట్టకు కూతురు పుట్టింది. పిల్ల పగలంతా పడుకుని, రాత్రంతా ఊరికి మేలుకొలుపు పాడుతోంది. ఆ వారంలో గేటక్క వాడికి రెండుసార్లు తాళంచెవి ఇవ్వలేదు. మొదటిసారి వాడు, "కలేంటక్కా, కన్నే మూయలేదు" అని నిజం చెప్పాడు. రెండోసారి సీలు నంబరు తిరిగి చెబుతూ చెబుతూ, బండికి ఆనుకుని నిలబడే నిద్రపోయాడు. తోటివాళ్ళు ఊరుకుంటారా?

"పిట్ట కొమ్మ మీద వాలింది, కదపకండ్రా!"

"ఉయ్యాల బండికి కట్టుకోరా, నువ్వు పడుకో, పాప తోలుతుంది!"

మేనేజరు మాత్రం నవ్వలేదు. ఇంకొక్కసారి ఇలా అయితే పదో నంబరు ఇంకొకరికిచ్చి పిట్టను లోడింగు వైపు వేస్తానన్నాడు. లోడింగంటే షెడ్డులోనే పొద్దస్తమానం పెట్టెలు మోయడం. అక్కడ మలుపులూ ఉండవు, ఎండా రాదు.

మర్నాడు పిట్ట అందరికన్నా ముందే వచ్చాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఈల వేస్తూ వచ్చాడు. ఆ రోజు సరుకు కళ్ళజోళ్ళు. కొండ మీది బడిలో కిందటి నెల కళ్ళ డాక్టర్లు వచ్చి పెద్దవాళ్ళకు పరీక్షలు చేసి వెళ్ళారు. మూడు వందల పన్నెండు జోళ్ళు, ఒక్కోదానికి ఒక్కో చీటీ, చీటీ మీద పెట్టుకోవాల్సిన వాళ్ళ పేరు. పది గంటలకల్లా వాళ్ళందరూ బడి దగ్గరికి వస్తారు.

ఆమె టైర్లు చూసింది, బెల్టులు గుంజింది, సీలు బిగించింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే, కిటికీ అవతల నిలబడ్డ పిట్ట నడుం దాకానే ఉన్నాడు.

"ఏం కల వచ్చింది?"

"ఇల్లక్కా. ఇంట్లో ప్రతి గదిలోనూ వాన పడుతోంది. తీగల నిండా బట్టలు. ఆ వానలోనే ఆరుతున్నాయి. తడిసేకొద్దీ ఆరుతున్నాయి."

ఆమె తాళంచెవి మీద వేసిన చెయ్యి అలాగే ఉంచింది.

"తర్వాత?"

"పాప గడపలో కూర్చునుంది. నోటినిండా పళ్ళు. నా వైపు చూసి, 'ఆ ఎర్ర దుప్పటి మడతపెట్టు' అంది, పెద్దావిడలాగ. మడతపెడుతున్నా. పెడుతూనే ఉన్నా. ఎంతకీ దుప్పటి అయిపోదు. గది దాటి, మెట్లు దాటి, వీధిలోకి వెళ్ళిపోయింది. నాకేమో విసుగు రాట్లేదు. ఆ గుడ్డ అంత మెత్తగా ఉంది."

ఆమె కళ్ళు మూసుకుంది. వానలో ఆరుతున్న బట్టల వాసన ముక్కుకు తగిలినట్టయింది. పదకొండేళ్ళలో ఇలాంటిది వినలేదు. సాయంత్రం ఆయనకు ఎలా చెప్పాలా, దుప్పటి దగ్గర మొదలుపెట్టాలా వాన దగ్గరా అని అప్పుడే ఆలోచించుకుంటోంది. కళ్ళు తెరవకముందే చెయ్యి తాళంచెవిని తీసి కిటికీలోంచి అందించేసింది.

"జాగ్రత్తరా తమ్ముడూ."

"వస్తానక్కా."

గేటు జరిగింది. పదో నంబరు వెనక లైట్లు రెండూ కాసేపు ఎర్రగా కనబడి మంచులో కలిసిపోయాయి. ఆ మొహాన్ని తాను చూడనే లేదన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఎనిమిదిన్నర దాటాక గదిలో ఫోను మోగింది. పిట్ట భార్య.

"వదినా, నేను. ఆయన బయల్దేరారా?"

"రెండు గంటలైంది. మా మేనకోడలు ఏం చేస్తోంది?"

"ఇప్పుడే పడుకుంది మహారాణి. డబ్బాలో చెంచా పెట్టడం మర్చిపోయా వదినా, ఎలా తింటారో ఏమో."

"చేతులున్నాయి కదమ్మా."

అవతల నవ్వింది. ఆ నవ్వు బాగా నిద్రపోయి లేచిన మనిషి నవ్వు. "పదకొండు రోజుల తర్వాత ఒళ్ళు తెలీకుండా పడుకున్నా వదినా. ఆయనే నన్ను కసిరి పడుకోబెట్టారు. పాపని భుజాన వేసుకుని తెల్లార్లూ తిరిగారంట."

గేటక్క సీళ్ళ కట్టకు రబ్బరు బ్యాండు వేస్తోంది. చెయ్యి ఆగింది. "తెల్లార్లూనా?"

"ఆఁ. పొద్దున లేచి చూద్దును కదా, కిటికీ దగ్గర నిలబడి ఊగుతున్నారు. పాపేమో నా పక్కనే పడుకునుంది. ఈయన ఉత్త చేతులు ఊపుతున్నారు వదినా! ఎంత నవ్వొచ్చిందో. అప్పుడు నాకొచ్చిన కల చెప్పా, ఆయనా నవ్వారు. ఏం కలనుకున్నావ్, ఇంటినిండా వాన..."

"బట్టలు ఆరుతున్నాయా?"

"అయ్యో, నీకెలా తెలుసు?"

రబ్బరు బ్యాండు తెగి ఎటో పోయింది. తర్వాత మాట్లాడతానమ్మా అని ఆమె ఫోను పెట్టేసింది. ఇప్పుడు అంతా తేటగా కనబడుతోంది. ఆ కల మొదటినుంచి చివరిదాకా వరసగా వచ్చింది, ఎక్కడా తల గోక్కోలేదు. బట్టలు ఆరేసేది, దుప్పటి మడతపెట్టేది పదకొండు రోజులుగా పిల్ల గుడ్డలు ఉతుకుతున్న చేతులు. వాడు భార్యకు నిద్రనిచ్చి, ఆమె కలను పట్టుకుని గేటు దాటాడు.

మేనేజరు గదిలో గోడకు పెద్ద తెర ఉంది. బండ్లన్నీ దాని మీద ఆకుపచ్చ చుక్కలు, రోడ్లన్నీ సన్నటి గీతలు. ఆమె తలుపు కొట్టకుండా లోపలికి వెళ్ళింది.

"పదో నంబరు ఎక్కడుంది సార్?"

"కొండ మొదట్లో. ఏమైంది?"

"పిట్ట రాత్రంతా నిద్రపోలేదు. నేను చూసుకోకుండా పంపేశాను."

మేనేజరు ఫోను అందుకున్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"వద్దు సార్. సంచి సీటు కింద ఉంది. మోగితే వంగుతాడు."

"అయితే ఇంజను ఆపేద్దాం. దొంగతనానికని పెట్టిన మీట ఉంది కదా."

"కొండ ఎక్కుతుండగా ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు సరిగ్గా పట్టదు. మెలకువగా ఉన్నవాడికే కష్టం."

"మరేం చేద్దామంటారు మేడమ్?" అతని గొంతు పైకి లేచింది.

ప్రతి బండిలోనూ స్టీరింగు వెనక ఒక ఎర్ర దీపం ఉంటుంది. నడుస్తుండగా వెనక తలుపు తెరుచుకుంటే అది వెలిగి, కుయ్యిమని మోగుతుంది. వెలిగిందంటే సరుకు మీద ఎవరిదో చెయ్యి పడినట్టు. నెలకోసారి ఆమె డ్రైవర్లందరినీ బండ్లెక్కించి, ఇక్కడినుంచే ఆ దీపం వెలిగించి సాధన చేయిస్తుంది. దీపం వెలగ్గానే కాలు తీయాలి, పక్కకు చూడాలి, వెడల్పు చోట ఆపాలి, చేతిబ్రేకు వెయ్యాలి, చక్రాల కింద రాళ్ళు పెట్టాలి, అప్పుడు వెనక్కి వెళ్ళి సీలు చూడాలి, చూశాక ఫోను చెయ్యాలి. విసుక్కుంటూనే చేసేవాళ్ళు. చేసి చేసి వాళ్ళ కాళ్ళకు అది మాటల కన్నా బాగా వచ్చేసింది.

"దీపం వెలిగించండి," అంది.

"సరుకున్న బండికా? వెలిగిస్తే రికార్డులోకి ఎక్కుతుంది. సరుకువాళ్ళకి కబురు పోతుంది. అక్కడ మూడొందల పన్నెండూ విప్పి లెక్కపెట్టాలి. గేటు మీద మీ పేరుంది. పదకొండేళ్ళలో ఒక్క మచ్చ లేదు మీకు. దొంగ లేకుండా దొంగ పడ్డాడని ఎలా రాస్తాం?"

"ఉన్నాడు సార్. స్టీరింగు దగ్గరే కూర్చున్నాడు."

మేనేజరు కుర్చీ ఆమె వైపు జరిపాడు.

ఆ కొండను ఆమె ఎప్పుడూ చూడలేదు. కానీ పొద్దునే కిటికీ దగ్గర నిలబడి వాళ్ళు చెప్పిన మాటల్లో దాన్ని వెయ్యిసార్లు ఎక్కింది. మొదటి మలుపు ఇరుకు, ఎడమ పక్క లోయ. రెండో మలుపులో రాళ్ళు జారుతుంటాయి. అది దాటాక కుడివైపు వెడల్పు చోటు, సున్నం కొట్టిన పిట్టగోడ, ఒక నీళ్ళ కుళాయి. అక్కడ అందరూ ఆగుతారు. అంతకు ముందు వెలిగిస్తే ఆపడానికి చోటు లేదు.

చుక్క మొదటి మలుపులోకి వెళ్ళింది. తెర మీద అది చాలా చిన్న వంపు, చిటికెనవేలి గోరంత. ఆమెకు మంచు కనబడింది, మంచులో తెల్ల బండి, అద్దం వెనక బరువుగా దిగుతున్న రెప్పలు. గది గోడలు ఎక్కడో దూరంగా జరిగిపోయినట్టున్నాయి. తానే వాడి పక్క సీట్లో కూర్చుని ఉంది, నోరు తెరిచినా మాట రాదు. చుక్క వంపు దాటింది. కాస్త ఆగి, మళ్ళీ కదిలింది. రెండో మలుపు. మేనేజరు కూడా తెర వైపు వంగాడు.

"ఇంకా..." అంది తనలో తాను. "ఇంకొంచెం. రా నాయనా, రా. ఇప్పుడు."

దీపం మీట నొక్కింది.

చుక్క పక్కన ఎర్ర అక్షరాలు వచ్చాయి: తలుపు తెరుచుకుంది. చుక్క నెమ్మదించింది. కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. ఆగిపోయింది.

పిట్టగోడకు ఇవతల ఆగినా, అవతల పడినా చుక్క ఒకేలా ఉంటుంది. తెరకు ఆ తేడా తెలియదు. ఆమె చూస్తూ కూర్చుంది. బయట షెడ్డులో ఎవరో పెట్టె దించిన చప్పుడు, ఎవరో నవ్వు. గడియారంలో ముల్లు ఒక నిమిషం దాటింది, రెండు దాటింది. మూడో నిమిషంలో మేనేజరు లేచి నిలబడి మళ్ళీ కూర్చున్నాడు. నాలుగో నిమిషం సగంలో ఉండగా ఫోను మోగింది.

"అక్కా, పదో నంబరు బండి. ఎర్ర లైటు వెలిగింది. వెడల్పు చోట ఆపా, చేతిబ్రేకు వేశా, రాళ్ళు పెట్టా. సీలు బాగానే ఉంది. నంబరు చదవనా?"

ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "చదువు."

"ఏడు... నాలుగు... నాలుగు... ఆగక్కా, నాలుగు ఒకటా రెండా?"

"పిట్టా, ఆ కల ఎవరిది?"

ఫోనులో కుళాయి నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది.

"మా ఆవిడది," అన్నాడు. "ఇంకోసారి ఆపేస్తే ఈ బండి పోతుందని..."

"రోడ్డు ఎక్కడిదాకా గుర్తుంది నీకు?"

"వంతెన దాటడం గుర్తుంది." ఆగాడు. "తర్వాత లైటు వెలగడం గుర్తుంది."

వంతెనకూ ఆ చోటుకూ మధ్య పన్నెండు కిలోమీటర్లు. రెండు మలుపులు. ఆ మాట తన నోటితోనే విన్నాక పిట్టకు అర్థమైనట్టుంది. "అక్కా, నాకు మలుపులు గుర్తులేవు. అక్కా!"

"ఊరుకో. తిట్లు దాచిపెట్టాను, వచ్చాక తీరిగ్గా తిడతాను. ఇప్పుడు చెప్పింది చెయ్యి. తాళంచెవి తీసి సంచిలో వెయ్యి. తలుపులు గడియ పెట్టు. అద్దం రెండు వేళ్ళ సందు వదులు. పక్క సీట్లోకి జరుగు. జరిగావా? కాళ్ళు చాపు."

"సరుకో అక్కా?"

"సరుకుని నేను చూస్తుంటా ఇక్కడినుంచి. నువ్వు పడుకో. మామ వస్తాడు."

జవాబుగా ఇంకేదో అనబోయాడు. సగం మాట వినిపించింది, మిగతా సగం ఊపిరిగా మారిపోయింది. ఫోను పెట్టేయడం కూడా వాడి చేత కాలేదు.

మామ కొండ కింద పెట్రోలు బంకులో బండి కడిగించుకుంటున్నాడు. సంగతి విని, తన బండిని అక్కడే తాళం వేసి వదిలి, పైకెళ్ళే బస్సెక్కాడు. అరగంటలో ఫోను చేశాడు. అన్ని బండ్ల మారు తాళాలూ పెద్ద డ్రైవరుగా అతని దగ్గరే ఉంటాయి, దాంతో తలుపు తీశాడట.

"వీడు లేవట్లేదమ్మాయ్. చెవి దగ్గర తలుపు ధడేలుమన్నా కదల్లేదు. లేపమంటావా?"

"వద్దు మామా. అలాగే తోలుకెళ్ళు. బెల్టు పెట్టు వాడికి."

"పెట్టా. సరుకుకి కట్టినట్టే గట్టిగా కట్టా. సీలు మాత్రం ఎక్కడ వెయ్యాలో తెలీలేదు."

పదిన్నరకు కొండ మీది బడి నుంచి ఒక ముసలి పంతులు ఫోను చేశాడు. బండి సంగతేంటమ్మా అని అడిగాడు. కొంచెం ఆలస్యమవుతుంది పంతులుగారూ, మీ వాళ్ళనే రోడ్డు వైపు ఒక కన్నేసి ఉంచమనండి అంది.

"కన్నెలా వేస్తామమ్మా? ఆ కళ్ళు మీ బండిలోనే ఉన్నాయి కదా!" అన్నాడాయన. వెనక చాలామంది నవ్వారు. ఆ నవ్వు వింటుంటే ఆమెకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

మేనేజరు రికార్డు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. కారణం అన్న గడి ఖాళీగా ఉంది.

"ఏం రాయమంటారు?"

"నేను కల విన్నాను, మొహం చూడలేదు. అదే రాయండి."

"అలా రాస్తే పైవాళ్ళకి ఏం అర్థమవుతుంది?"

"అయితే గేటు దగ్గర తప్పు జరిగిందని రాయండి. కింద నా పేరు పెట్టండి."

అతను కలం కింద పెట్టాడు. "దీపమే పాడైందని రాయొచ్చమ్మా. ఎవరికీ తెలీదు."

"దీపం పాడైందని రాస్తే, రేపు నిజంగా వెలిగినా దీపమే పాడైందిలే అనుకుని ఎవరూ బండి ఆపరు సార్."

అతను రాశాడు. పదకొండేళ్ళ పుస్తకంలో ఆమె పేరు మొదటిసారిగా పూర్తిగా, ఇంటిపేరుతో సహా వచ్చింది. అది ఎవరిదో అన్నట్టు కాకుండా, తనదేనని చదువుకుని పక్కన సంతకం చేసింది.

"ఇక పిట్ట సంగతి," అన్నాడు మేనేజరు. "లోడింగు వైపు వేయక తప్పదు."

"వెయ్యండి. పాపకి రాత్రీ పగలూ తేడా తెలిసేదాకా వెయ్యండి. అన్నాళ్ళూ పదో నంబరు మామ తోలతాడు. తర్వాత వాడి బండి వాడికివ్వండి."

"అబద్ధం చెప్పాడు కదమ్మా."

"చెప్పాడు. నిద్ర లేదని నిజం చెప్పిన రోజు మనమేం చేశాం? నేను తాళం ఇవ్వలేదు, సరే. మీరు బండే తీసేస్తానన్నారు. మిగతావాళ్ళు ఉయ్యాల కట్టుకోమన్నారు. అలా అయితే రేపట్నించి పద్నాలుగు మందీ నాకు వాళ్ళ పెళ్ళాల కలలే చెబుతారు."

మేనేజరు కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. "ఎన్నాళ్ళు పడుతుంది, పిల్లలకి తేడా తెలియడానికి?"

"నెలా రెండు నెలలు. ఒక్కోరికి ఒక్కోలా."

"మా వాడికి ఏడాది పట్టింది," అన్నాడతను. తెర వైపు తిరిగి, "రెండు నెలలు చూద్దాం" అన్నాడు.

తెర మీద చుక్క మళ్ళీ కదులుతోంది. మామ తోలుతున్నాడు కాబట్టి బాగా నెమ్మదిగా, చీమ నడిచినట్టు పోతోంది. బయట మంచు విడిచింది. షెడ్డు రేకుల మీద ఎండ పడి ఆవిరి లేస్తోంది. ఆమె తన గదిలోకి వచ్చి కూర్చునేసరికి ఫోను మోగింది.

"వదినా, ఇందాక అలా పెట్టేశావేంటి?" పిట్ట భార్య గొంతులో ఇప్పుడు హుషారు లేదు. "ఆయన చేరారా?"

"చేరలేదమ్మా. మామ తోలుతున్నాడు. మీ ఆయన పక్క సీట్లో ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు."

"ఏం చేస్తున్నారు?"

"పడుకున్నాడు."

అవతల ఒక చిన్న వెక్కు వినిపించింది. పిట్ట భార్యకు అంతా అర్థమైందని గేటక్కకు తెలిసింది. తర్వాత ఆ గొంతు బాగా తగ్గిపోయి, అరవై కిలోమీటర్ల అవతల కొండ మీద ఎవరికో మెలకువ వస్తుందేమో అన్నట్టు గుసగుసలోకి దిగింది.

"గాఢంగానే పడుకున్నారా వదినా?"

"బాగా," అంది గేటక్క. తనకు తెలియకుండానే ఆమె గొంతు కూడా గుసగుస అయిపోయింది.

"సరే, అయితే ఉంటా. చప్పుడు చేయను."

మేనేజరు ఏదో కాగితం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకుని అంత మెల్లగా మాట్లాడటం చూసి, కాగితం చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టి, తనూ గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరమ్మా?"